ఎదురొచ్చే లైట్లు: యాంగాన్ నుంచి ఫాగ్ లైట్ల కబుర్లు

యాంగాన్‌లో మొదటిసారి టాక్సీ ఎక్కిన తెలుగువాళ్ళకి ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది కాని, అదేమిటో వెంటనే పట్టుబడదు. స్టీరింగ్ మన ఇండియాలో లాగే కుడివైపు ఉంటుంది. బండి మాత్రం అమెరికాలో లాగా రోడ్డుకి కుడిపక్కన పోతుంది. అంటే డ్రైవరు రోడ్డు మధ్యగీత దగ్గర కాకుండా ఫుట్‌పాత్ అంచున కూర్చుంటాడన్నమాట. ముందున్న లారీని దాటాలంటే ఎదురుగా ఏమొస్తోందో అతనికి కనపడదు. పక్కసీట్లో ఉన్నవాళ్ళే మెడ చాచి చూసి "రావచ్చు, రావచ్చు" అని చెప్పాలి. కొత్తలో ఆ సీట్లో కూర్చోవడాన్ని మావారు పార్ట్ టైం ఉద్యోగం అనేవారు.

1970 డిసెంబరు 6 దాకా బర్మాలో కూడా బ్రిటిష్‌వాళ్ళు నేర్పినట్టు ఎడమపక్కనే నడిపేవారు. ఆ రోజు నుంచి నే విన్ ప్రభుత్వం కుడికి మార్చేసింది. ఎందుకు మార్చారని అడిగితే జ్యోతిష్కుడు చెప్పాడని ఒకరంటారు, కలొచ్చిందని ఇంకొకరంటారు. ఏ ఇంటికి వెళ్తే ఆ ఇంటి కథ. రోడ్డయితే మారింది కాని బళ్ళు మారలేదు. 2011లో పాత కార్లు అప్పగించి వాటి బదులు బయటినుంచి కార్లు తెచ్చుకోవచ్చని అనుమతిచ్చాక, జపాన్ నుంచి సెకండ్‌హ్యాండ్ బళ్ళు వరదలా వచ్చిపడ్డాయి. టొయోటా ప్రోబాక్స్, విట్జ్, హోండా ఫిట్, ఏ సందులో చూసినా అవే. జపాన్‌లో ఎడమపక్క నడుపుతారు కాబట్టి అన్నిటికీ కుడి స్టీరింగే. తరవాత ఎడమ స్టీరింగ్ ఉన్నవే దిగుమతి చెయ్యాలని నిబంధన పెట్టారు కాని అప్పటికే ఊరు నిండిపోయింది. 2017లో సిటీ బస్సుల వ్యవస్థను మార్చి కొత్త బస్సులు తెచ్చేదాకా, జపాన్ పాత బస్సుల్లోంచి జనం రోడ్డు మధ్యలోకి దిగేవాళ్ళట, తలుపు ఆ పక్కనే ఉంటుంది మరి.

స్టీరింగ్ సంగతి ఎవరికైనా కనపడుతుంది. హెడ్‌లైట్ల సంగతే కనపడదు. నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది అందుకే. ఫాగ్ లైట్ల గురించి చెప్పాలంటే ముందు హెడ్‌లైట్ల దగ్గరకే వెళ్ళాలి, కాస్త ఓపిక పట్టండి.

లోబీమ్ వేసినప్పుడు కారు వెలుగు రెండు పక్కలా ఒకేలా పడదు. ఎదురొచ్చేవాళ్ళున్న పక్క కిందికి కోసినట్టు ఉంటుంది, వాళ్ళ కళ్ళల్లో పడకుండా. ఫుట్‌పాత్ పక్క మాత్రం పైకి లేస్తుంది, నడిచేవాళ్ళూ సైన్‌బోర్డులూ కనపడాలని. ఎడమపక్క నడిపే దేశాల కోసం చేసిన దీపం ఎడమకు లేస్తుంది. కుడిపక్క నడిపే దేశాల కోసం చేసింది కుడికి లేస్తుంది. ఇప్పుడు జపాన్ దీపాన్ని తెచ్చి యాంగాన్ రోడ్డుమీద కుడిపక్కన పెట్టండి. లేచిన ఆ వెలుగు సరిగ్గా ఎదురొచ్చేవాళ్ళ మొహం మీద పడుతుంది. ఫుట్‌పాత్ మీద నడిచే మనిషి చీకట్లో ఉండిపోతాడు. ఎవరూ హైబీమ్ వెయ్యక్కరలేదు, ఎవరూ మర్యాద తప్పక్కరలేదు. దీపమే అలా చేసి ఉంది.

మా అపార్ట్‌మెంటు కాంపౌండ్ గోడ దగ్గర ఒక రాత్రి చూశాను. కారుని గోడకి అయిదు మీటర్ల దూరంలో చదునైన చోట ఆపించి, దీపం మధ్యభాగం ఎంత ఎత్తులో ఉందో కొలిచి, అంతే ఎత్తున గోడమీద ముగ్గు సుద్దతో అడ్డగీత గీశాను. లోబీమ్ వేస్తే వెలుగు పై అంచు గోడమీద చాకుతో కోసినట్టు కనిపిస్తుంది. కుడి సగం అడ్డంగా, గీతకి అయిదు సెంటీమీటర్లు కిందగా ఉంది. దీపం సుమారు ఒక శాతం కిందికి వాలి ఉండాలి, అంటే పది మీటర్లకు పది సెంటీమీటర్లు, కాబట్టి ఆ సగం లెక్కకి సరిపోయింది. ఎడమ సగం మాత్రం మధ్యలోంచి మొదలై ఏటవాలుగా పైకి పోయి గీతని దాటేసింది. ఆ వాలు సాధారణంగా 15 డిగ్రీలు ఉంటుంది. మా డ్రైవరు, నేను అకో అంటాను, అన్నా అని అర్థం, పక్కన నిలబడి ఆ వాలుని చాలాసేపు చూశాడు. పదిహేనేళ్ళుగా రోజూ రాత్రి ఎదురొచ్చేవాళ్ళని తిట్టుకుంటున్నానని, వాళ్ళూ నన్ను తిట్టుకుంటున్నారన్నమాట అని నవ్వాడు.

ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదు. 2021 తరవాత యాంగాన్‌లో కరెంటు కోతలు బాగా పెరిగాయి. వీధిదీపాలు వెలగని రోడ్లు చాలా ఉన్నాయి. నల్లటి లుంగీ, అదే ఇక్కడ లోంజీ, కట్టుకుని గొడుగు వేసుకుని నడిచే మనిషి వర్షంలో ఎంత కనపడతాడో మీరే ఊహించుకోండి. పోయిన వానాకాలం మా బాబుని ట్యూషన్ నుంచి తీసుకొస్తుంటే ఎదురుగా ఒక వ్యాను వచ్చింది. దాని వెలుగు తడి అద్దం మీద చెదిరి మొత్తం తెల్లగా అయిపోయింది. అది దాటి పోయాక కనిపించింది, మాకు జానెడు దూరంలో ఒక సైక్‌కా. అంటే మన రిక్షాలాంటిదే, సైకిలు పక్కన సీటు కట్టి ఉంటుంది. దానికి వెనక లైటు లేదు. సీట్లో ఒక ముసలావిడ కూరగాయల బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. అకో అప్పటికే బాగా నెమ్మదిగా పోతున్నాడు కాబట్టి ఆగాం. ఆవిడ కనీసం వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

ఇప్పుడు ఫాగ్ లైట్లు. యాంగాన్‌లో మే నుంచి అక్టోబరు దాకా ఏ సాయంత్రం చూసినా సగం బళ్ళకి ముందు ఫాగ్ లైట్లు వెలుగుతూనే ఉంటాయి. ఇక్కడ ఏడాదికి 2,500 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, హైదరాబాదులో పడేదానికి మూడింతలు. ప్యై రోడ్డు మీద, ఇన్‌సేన్ రోడ్డు మీద గట్టి వాన పట్టినప్పుడు ముందు బండి వెనక దీపాలు తప్ప ఇంకేమీ కనపడవు. ఎందుకు వేస్తారని అకోని అడిగితే "అందరూ వేస్తారు, బాగుంటుంది" అన్నాడు. వినడానికి ఏ కారణమూ లేనట్టే ఉంది కాని ఆలోచిస్తే దీనిలో కొంత నిజం ఉంది. ముందు ఫాగ్ లైటు వెలుగు హెడ్‌లైటులా ఒక పక్కకి లేవదు. రెండు పక్కలా సమానంగా, వెడల్పుగా, చదునుగా, కిందికి పడుతుంది. కాబట్టి అది ఎడమ దేశం దీపమా, కుడి దేశం దీపమా అన్న తేడా లేదు. జపాన్ నుంచి వచ్చిన కారులో దేశం మారినా సరిగ్గా పనిచేసే దీపం ఏదైనా ఉంటే అది ఇదే. కుడిపక్క ఫుట్‌పాత్ అంచు, నీళ్ళు నిండిన గుంట, ఈ వెలుగులోనే కనపడతాయి.

అయితే దీని వెలుగు ఎంతో దూరం పోదు. బండి ముందు కొన్ని మీటర్ల మేర నేల పరుచుకున్నట్టు వెలుగుతుంది, అంతే. పొగమంచులో మెల్లగా పోయేవాడికి ఆ కొన్ని మీటర్లే కావాలి. మామూలు రాత్రి అరవైలో పోయేవాడికి ఇదే హాని చేస్తుంది. దగ్గర నేల బాగా వెలిగిపోతుంటే కంటిపాప ముడుచుకుంటుంది, దూరంలో ఉన్న మసక వస్తువు ఇంకా మసకబారుతుంది. పైగా బాగా కనపడుతోందన్న భ్రమ కూడా కలుగుతుంది. వెలుగు ఎక్కువైతే చూపు తగ్గడం అనేది కాలేజీలో చదివినప్పుడు పరీక్ష కోసం గుర్తుపెట్టుకున్న ముక్క. ఇక్కడికొచ్చాక రోజూ సాయంత్రం ఆరింటికి ప్రాక్టికల్.

యాంగాన్‌లో అసలు పొగమంచు వానాకాలంలో రాదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున వస్తుంది. రాత్రి ఆకాశం తేటగా ఉండి, గాలి లేకుండా, నేల చల్లబడితే దానిని ఆనుకున్న తేమగాలి కూడా చల్లబడి సన్నటి నీటిబిందువులు అవుతుంది. పొలాలు, నదులు, చెరువులు పక్కనుంటే మరీ ఎక్కువ. ఇన్యా చెరువు మీద ఆ పొద్దున్న చూస్తే లంబసింగి గుర్తొస్తుంది. తన్‌లిన్ వంతెన ఎక్కితే కింద బగో నది ఉందని నమ్మడమే కాని కనపడదు. బర్మా భాషలో మంచునీ, పొగమంచునీ "హ్నిన్" అంటారు. ఆడపిల్లలకి అది పేరు కూడా, మనం హిమబిందు అని పెట్టుకున్నట్టు. మా పక్కింట్లో కూడా ఒక హ్నిన్ ఉంది, అయిదేళ్ళది. దాని గొంతు మాత్రం మంచులా ఉండదు, మూడో అంతస్తు దాకా వినపడుతుంది.

పొగమంచులో హైబీమ్ వేస్తే ఏమవుతుందో మీలో చాలామంది చూసే ఉంటారు, కళ్ళముందు తెల్లగోడ లేస్తుంది. ఒక్కో బిందువు వెంట్రుక మందంలో అయిదారో వంతు ఉంటుంది. దాని మీద పడిన కాంతి అన్ని వైపులకీ చెదురుతుంది, కొంత తిరిగి మన కంట్లోకే వస్తుంది. ఎంత ఎక్కువ వెలుగు పంపితే అంత వెనక్కి వస్తుంది. ఫాగ్ లైటుని కింద బంపరు దగ్గర పెట్టడానికి కారణం ఇదే. వెలుగు కిందగా పోతుంది, మన చూపు పైగా పోతుంది, రెండూ ఒకే మంచులోంచి పోవు. అందుకే తిరిగొచ్చే వెలుగు తగ్గుతుంది.

మరి పసుపు రంగు? పసుపు కాంతి మంచుని చీల్చుకు పోతుందని మా నాన్నగారు కూడా చెప్పేవారు. ఆకాశం నీలంగా ఉండటానికి కారణమైన సూత్రాన్ని తెచ్చి ఇక్కడ పెట్టడంవల్ల వచ్చిన మాట అది. ఆ సూత్రం కాంతి తరంగం కన్నా బాగా చిన్నవైన గాలి అణువులకి సరిపోతుంది. పొగమంచు బిందువు కాంతి తరంగం కన్నా ఎన్నో రెట్లు పెద్దది, అది నీలాన్నీ పసుపునీ దాదాపు ఒకేలా చెదరగొడుతుంది. అందుకే పొగమంచు తెల్లగా కనిపిస్తుంది. పసుపులో నీలం పాలు తగ్గుతుంది కాబట్టి కంటికి కాస్త హాయిగా ఉంటుందేమో, అంతవరకే. ఫ్రాన్సులో 1993 దాకా కార్ల హెడ్‌లైట్లు కూడా పసుపే ఉండాలని నియమం ఉండేది, తరవాత యూరప్ అంతా ఒకే పద్ధతి వచ్చాక తీసేశారు. యాంగాన్ షాపుల్లో ఇప్పటికీ పసుపు బల్బులకి గిరాకీ బాగానే ఉంది. నీలం బల్బులకి ఇంకా ఎక్కువ, అది వేరే బాధ.

వెనక ఫాగ్ లైటు గురించి మన ఆడవాళ్ళ గ్రూపుల్లో ఎవరూ మాట్లాడగా వినలేదు. చాలామందికి తమ కారులో ఉందో లేదో కూడా తెలియదు. డాష్‌బోర్డు మీద ఆకుపచ్చ గుర్తు, దీపం నుంచి వాలుగా గీతలు, వాటిని కోస్తూ ఒక అల, అది ముందు ఫాగ్ లైటు. కాషాయం రంగులో, గీతలు అడ్డంగా తిన్నగా ఉంటే అది వెనకది. రెండోది వెలుగుతుంటే ఒకసారి బయటికి చూడండి, నిజంగా మంచు ఉందా అని. యూరప్ ప్రమాణాల ప్రకారం మామూలు వెనక దీపం వెలుగు కొన్ని క్యాండెలాలే ఉంటే, వెనక ఫాగ్ లైటు 150 నుంచి 300 దాకా ఉంటుంది. బ్రేకు లైటు స్థాయి అన్నమాట. మంచు లేనప్పుడు వెలిగిస్తే వెనకవాళ్ళ కళ్ళు మిరుమిట్లు గొలపడమే కాదు, మీరు బ్రేకు వేసినప్పుడు ఆ తేడా వాళ్ళకి తెలియదు. అందుకే రెండు దీపాల మధ్య కనీసం 10 సెంటీమీటర్ల ఎడం ఉండాలని కూడా రాసిపెట్టారు.

మా పిన్ని కూతురు లీడ్స్‌లో ఉంటుంది. బ్రిటన్‌లో 1980 ఏప్రిల్ నుంచి వచ్చిన కార్లకి వెనక ఫాగ్ లైటు ఒకటైనా తప్పనిసరి. కాని చూపు సుమారు 100 మీటర్లకు తగ్గితే తప్ప వెయ్యకూడదు, చూపు మెరుగవ్వగానే ఆర్పెయ్యాలి. రెండూ చట్టమే. ఆమె డ్రైవింగ్ థియరీ పరీక్షకి చదువుతున్నప్పుడు నాకు ఫోను చేసి "అక్కా, వంద మీటర్లని ఎలా కొలవాలే?" అంది. నేను ఏం చెప్తాను, ఫుట్‌బాల్ మైదానం పొడవు అన్నాను. దానికి క్రికెట్ తప్ప ఏదీ తెలియదు, అయిదు పిచ్‌లని సర్దుకుంది.

జర్మన్లు ఈ కొలత సమస్యని రోడ్డు మీదే తీర్చేశారు. ఊరి బయట హైవేల పక్కన తెల్లటి చిన్న స్తంభాలుంటాయి, మామూలుగా 50 మీటర్లకి ఒకటి. మీ పక్కనున్న స్తంభం నుంచి తరవాతి స్తంభం కనపడలేదంటే చూపు 50 మీటర్లలోపే. అప్పుడే వెనక ఫాగ్ లైటు వెయ్యాలి, అదీ పొగమంచుకే. వానకీ, హిమపాతానికీ వెయ్యకూడదు. వేశారంటే వేగం గంటకి 50 కిలోమీటర్లు దాటకూడదు. అంటే ఆ దీపం వేసుకుని నూట ఇరవైలో పోయేవాడు రెండు విధాలా తప్పే. స్టుట్‌గార్ట్‌లో ఉన్న నా కాలేజీ స్నేహితురాలు దీన్ని చెప్తున్నప్పుడు నాకు అసూయ కలిగింది. నియమం అంటే ఇలా ఉండాలనిపించింది, డ్రైవరు తలలో కాకుండా రోడ్డు మీద నాటి ఉండాలి. ఫ్రాన్సులో కూడా 50 మీటర్లకి తగ్గితే 50 వేగమే. అక్కడ వెనక ఫాగ్ లైటు మంచుకీ హిమపాతానికీ వెయ్యొచ్చు, వానకి మాత్రం కుదరదు.

అమెరికాలో వెనక ఫాగ్ లైటు తప్పనిసరి కాదు. అక్కడ యూరప్ కంపెనీల కార్లకి ఉంటుంది, చాలా ఇతర కార్లకి ఉండదు. అందుకని ఎవరైనా వేస్తే వెనకవాళ్ళు బ్రేకు లైటు ఇరుక్కుపోయిందనుకుంటారని మా ఆడపడుచు అంటుంది. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, సెంట్రల్ వ్యాలీలో శీతాకాలం పట్టే టూలీ పొగమంచు ఎలా ఉంటుందో. 2007 నవంబరులో ఫ్రెస్నో దగ్గర హైవే 99 మీద వందకు పైగా బళ్ళు ఒకదానికొకటి గుద్దుకున్నాయి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి 2008 మార్చిలో అబుధాబి, దుబాయి రోడ్డు మీద జరిగింది గుర్తుంటుంది, అక్కడ దాదాపు రెండువందల బళ్ళు. ఇప్పుడు అబుధాబిలో మంచు పడితే రోడ్డుమీది ఎలక్ట్రానిక్ బోర్డులే వేగపరిమితిని 80కి తగ్గించి చూపిస్తాయి.

ఈ లెక్క ఒక్కటి పిల్లలతో చేయించండి, నేను మావాడితో చేయించాను. గంటకి వంద కిలోమీటర్లంటే సెకనుకి సుమారు 28 మీటర్లు. చూపు 50 మీటర్లుంటే కనపడిన బండిని చేరడానికి రెండు సెకన్లు కూడా లేవు. పొడి రోడ్డుమీద దాదాపు ఆ వేగంలో కారు ఆగడానికి 70 మీటర్లకు పైనే కావాలని బ్రిటన్ హైవే కోడ్ చెప్తుంది. మావాడు లెక్క చేసి "అయితే ఏ లైటు వేసినా గుద్దేస్తాం కదా" అన్నాడు. మూడో తరగతి వాడికి వచ్చిన జవాబు అది.

ఇంకొక సంగతి, కొత్త కార్లున్నవాళ్ళకి. హెడ్‌లైట్ స్విచ్చిని "ఆటో"లో వదిలేస్తాం కదా, ఆ సెన్సరు చీకటిని చూస్తుంది, మంచుని చూడదు. పగటి పూట పొగమంచు తెల్లగా వెలుగుగానే ఉంటుంది కాబట్టి అది హెడ్‌లైట్లు వెయ్యదు. ముందు చిన్న పగటి దీపాలు మాత్రం వెలుగుతుంటాయి, మీకేమో అన్నీ వెలుగుతున్నట్టే అనిపిస్తుంది. చాలా కార్లలో వెనక ఒక్క దీపం కూడా వెలగదు. మంచు పట్టగానే స్విచ్చిని చేత్తో తిప్పాలి.

మన ఊళ్ళ సంగతి చెప్పకపోతే ఎలా. సంక్రాంతికి హైదరాబాదు నుంచి విజయవాడ వైపు కదిలే జనం, పంతంగి టోల్‌ప్లాజా దగ్గర ఆ క్యూలు, మీలో ఎంతమంది వాటిలో నిలబడలేదు? ట్రాఫిక్ తప్పించుకోవాలని అందరూ తెల్లవారుజామున మూడింటికి బయల్దేరతారు, పొగమంచు కూడా అప్పుడే చిక్కగా ఉంటుంది. భోగి రోజయితే మంటల పొగ కూడా కలుస్తుంది. అప్పుడు మనవాళ్ళు చేసే పని నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగించి నడపడం. ఉద్దేశం మంచిదే, నేనున్నాను అని చెప్పడం. కాని వెనకవాడికి ఈ బండి ఆగి ఉందా కదులుతోందా తెలియదు. పక్కకి తిరగబోతుంటే ఆ సంకేతం ఇవ్వడానికి దీపమే మిగలదు. జపాన్‌లో అదే నాలుగు దీపాలని రెండుసార్లు మినుకు మినుకుమనిపిస్తే, దారి ఇచ్చినందుకు థాంక్స్ అని. దీపం ఒకటే, ఒక్కో దేశంలో ఒక్కో భాష.

మనవాళ్ళు తెలివితక్కువ వాళ్ళని మాత్రం నేను ఒప్పుకోను. చిన్నప్పుడు ఆర్టీసీ బస్సుల, లారీల హెడ్‌లైట్ల పై సగం మీద నల్లరంగు పూయడమో, నల్ల బొట్టు పెట్టడమో చూశాం కదా. దిష్టిబొట్టు అనుకునేదాన్ని నేను. పైకి పోయే వెలుగుని ఆపడానికి అది. లారీ వెనక "రాత్రిపూట డిప్పర్ వాడండి" అని ఇంగ్లీషులో రాసి ఉండేది కూడా ఈ బాధ గురించే. బ్రిటన్‌వాళ్ళు కారుతో సహా ఫ్రాన్సుకి వెళ్ళేటప్పుడు హెడ్‌లైట్ల మీద ఒక స్టిక్కరు అంటించుకుంటారు, ఎడమకు లేచే వెలుగుని అడ్డుకోవడానికి. సూత్రం అదే. వాళ్ళది సెలవుల పది రోజుల కోసం, యాంగాన్‌ది 1970 నుంచి.

మా బండి సంగతి చెప్పి ముగిస్తాను. గోడ దగ్గర చూసిన మర్నాడు అకో, నేను మెకానిక్ దగ్గరకి వెళ్ళాం. సుద్దగీత ఫోటో చూపించాను. అతనికి విషయం తెలుసు, ఎవరూ అడగరట. మాది విట్జ్ కాబట్టి మార్గం ఉంది. అదే కారుని మిగతా దేశాల్లో యారిస్ పేరుతో అమ్మారు, ఎడమ స్టీరింగ్ దేశాల్లో కూడా. ఆ యారిస్ హెడ్‌లైట్ల సెట్టు దొరికితే అమరుతుంది. జపాన్ రోడ్ల కోసమే చేసిన ప్రోబాక్స్ లాంటి వాటికి ఆ వీలు కష్టం. మూడు వారాలు ఆగాక సెకండ్‌హ్యాండ్ సెట్టు దొరికింది. మావారు ధర విని, ఇప్పటిదాకా బాగానే ఉన్నాం కదా అన్నారు. సైక్‌కాలో ముసలావిడ సంగతి చెప్పాక ఇంకేం అనలేదు. ఆ రాత్రే మళ్ళీ గోడ ముందు పెట్టి చూశాం, వాలు కుడికి తిరిగింది. ఇప్పుడు మాకు ఎదురొచ్చేవాళ్ళు ఇబ్బంది పడరు. మాకు ఎదురొచ్చే వాళ్ళ దీపాలు మాత్రం అలాగే ఉన్నాయి.

సెట్టు దొరకనివాళ్ళకి ఖర్చులేని పని ఒకటుంది. చాలా జపాన్ కార్లలో స్టీరింగ్ పక్కన 0 నుంచి మొదలయ్యే అంకెలతో ఒక చిన్న చక్రం ఉంటుంది. వెనక బరువు ఎక్కువై ముక్కు పైకి లేచినప్పుడు దీపాన్ని కిందికి వాల్చడానికి పెట్టింది అది. సున్నాలో వదిలెయ్యకుండా ఒకటి రెండు అంకెలు తిప్పితే లేచే వెలుగు కొంత కిందికి దిగుతుంది. దూరపు చూపు కొంచెం తగ్గుతుంది, కాబట్టి వేగమూ తగ్గించుకోవాలి. మా బిల్డింగులో నలుగురు అలా తిప్పుకున్నారు. ఫాగ్ లైట్లకి అకోకీ నాకూ కుదిరిన ఒప్పందం ఇది: గట్టి వాన, పొగమంచు ఉంటే హెడ్‌లైట్లతో పాటు వెయ్యాలి, వాన వెలిసిన వెంటనే ఆర్పెయ్యాలి. ఆర్పడం మర్చిపోతే వెనక సీట్లోంచి మావాడు అరుస్తాడు, ఆ పని వాడిది.

వెనక ఫాగ్ లైటు మాత్రం మా బండికి లేదు, జపాన్‌లో అది తప్పనిసరి కాదు. ఉన్న జపాన్ బళ్ళకి కూడా ఒకటే ఉంటే కుడిపక్క ఉంటుంది, రోడ్డు మధ్యగీత వైపు ఉండాలన్న లెక్కతో. ఇక్కడ అది ఫుట్‌పాత్ వైపు అయిపోతుంది. ఈ జనవరిలో అత్తయ్యగారు వచ్చినప్పుడు బగోలో ష్వేమాడో పగోడాకి తీసుకెళ్ళాలి, దారి పొడవునా రెండు పక్కలా వరిపొలాలే, పొద్దున్నే మంచు ముసురుకుని ఉంటుంది. అందరూ అయిదింటికే బయల్దేరతారు. మనం ఎనిమిది దాటి ఎండ వచ్చాక వెళ్దామని అకోతో చెప్పాను. అయితే ముందు మొహింగా తినడానికి టైము ఉంటుంది కదా అన్నాడు.